పది నంబరు పానా

మా వీధిలో కార్లన్నీ జపానువాళ్లు వాడి వదిలేసినవే. ఆక్లండ్ నగరంలో శాండ్రింగ్‌హామ్ అనే పేట. చెక్క పలకల గోడలున్న పాత ఇళ్లు, ఇంటి పక్కనుంచి పెరట్లోకి సాగే సిమెంటు దారి, ఆ దారి మీదో కారు, గడ్డి మీద చక్రాల్లేని ఇంకో కారు. పెద్దరోడ్డు మీద మన పప్పులూ చింతపండూ అమ్మే కొట్లు అప్పుడప్పుడే ఒక్కొక్కటీ వెలుస్తున్నాయి. మరో పక్క ఈడెన్ పార్క్ స్టేడియం. రగ్బీ మ్యాచ్ ఉన్న రోజు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అట్టముక్క మీద ధర రాసి గేటు దగ్గర నిలబడేవాళ్లు, పెరట్లో కారు పెట్టుకోనిచ్చినందుకు. మా ఇంట్లో ఆ బేరం కుదిరేది కాదు. మా దారి మీద మా కారే విప్పి ఉండేది.

ఆ కార్లలో రేడియో సరిగ్గా పలికేది కాదు. జపానులో ఎఫ్ఎం అప్పట్లో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకా, న్యూజిలాండ్‌లో 88 నుంచి 108 దాకా. రెంటికీ ఉమ్మడిగా మిగిలిన ఆ కాస్త సందులో ఏదో ఒకటి గరగరమనేది. మిగతా స్టేషన్లు కావాలంటే యాంటెన్నా తీగ మధ్యలో అరచేతిలో ఇమిడే డబ్బా ఒకటి కలపాలి. బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనేవాళ్లు. ఇక తలుపు అంచు మీద జపాను స్టిక్కర్లుండేవి, ఫలానా తేదీన ఇన్ని కిలోమీటర్ల దగ్గర ఆయిలు మార్చామని. అక్షరాలు రాకపోయినా అంకెలు చదవగలం కదా. సంవత్సరం మాత్రం వాళ్ల చక్రవర్తి లెక్కలో ఉండేది. 7 అని ఉంటే దానికి 1988 కలుపుకోవాలి, 1995 అవుతుంది. ఆ కూడికలు నావీ తమ్ముడివీ. కారు కొనబోయేముందు నాన్న మొదట చూసేది ఆ స్టిక్కర్లనే. మీటరు వెనక్కి తిప్పి అమ్మడం ఆ రోజుల్లో బాగా పేరుమోసిన మోసం. స్టిక్కరు మీది అంకె మీటరు మీది అంకె కంటే పెద్దదని తేలితే, అమ్మేవాడికి మర్యాదగా థాంక్స్ చెప్పి వచ్చేసేవాడు.

ఇన్ని జపాను కార్లు అక్కడికెలా వచ్చాయో పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. 1980ల చివర్లో న్యూజిలాండ్ ప్రభుత్వం వాడిన కార్ల దిగుమతికి తలుపులు తెరిచింది. జపానులోనూ మనలాగే ఎడమ పక్క నడుపుతారు, స్టీరింగు మార్చే పని లేదు. పైగా అక్కడ కొత్త కారుకి మూడేళ్లకీ, ఆ తర్వాత రెండేళ్లకోసారీ ‘షాకెన్’ అనే తనిఖీ ఉంటుంది. దాని ఖర్చు ఎక్కువ. అంత డబ్బు పోసి పాత కారుని ఉంచుకోవడం కంటే వదిలించుకోవడం నయమనుకునేవాళ్లు. అలా వదిలించుకున్నవి ఓడలెక్కి వచ్చేవి. 1998లో కార్ల మీద దిగుమతి సుంకం పూర్తిగా ఎత్తేశారు. అదే ఏడాది దేశంలో కార్లు బిగించే ఫ్యాక్టరీలూ వరసగా మూతపడ్డాయి, థేమ్స్‌లో టొయోటా, నెల్సన్‌లో హోండా, పొరిరువాలో మిత్సుబిషి, వీరీలో నిస్సాన్. మేం దిగింది ఆ మరుసటేడు. ఒకరి ఉపాధి పోయిన చోట మాలాంటివాళ్లకి చవగ్గా కారు దొరికింది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

నాన్న పెరిగింది విజయవాడ ఆటోనగర్ పక్కన. మా చినతాతయ్యకి అక్కడో రేకుల షెడ్డుండేది, లారీ ఇంజన్ల పని. బడి లేకపోతే నాన్న అక్కడే. మెకానికల్ డిప్లొమా చదివింది ఆ తర్వాత, కానీ చేతులకి చదువొచ్చింది మాత్రం ఆ షెడ్డులో. లాటరీ తగిలినట్టు వలస పాయింట్లు కుదిరి ఆక్లండ్ చేరాక దొరికిన ఉద్యోగం గోదాములో రాత్రి షిఫ్టు. దాని గురించి నాన్న ఎక్కువ మాట్లాడలేదు, నేనూ ఇక్కడ ఎక్కువ రాయను. శని ఆదివారాలు మాత్రం బానెట్ ఎత్తేవాడు. అప్పుడు ఆయన మాట్లాడే తెలుగు వేరు. పానా, బోల్టు, వాషరు, గేజి కడ్డీ, ‘పట్టేసింది’, ‘అరిగిపోయింది’, ‘చెయ్యి పోదు’. ఇంట్లో మామూలుగా మితభాషి.

పక్కింట్లో ఒక పాకెహా, అంటే అక్కడి తెల్లజాతి, ముసలాయన ఉండేవారు. పేరు పెట్టి పిలవమని ఆయన, పెద్దవాళ్లని పేరు పెట్టి పిలిస్తే ఊరుకోనని అమ్మ. చివరికి మాకు ఆయన ‘పక్కింటి తాతయ్య’ అయిపోయారు. ఆయన గరాజులో ఒక మారిస్ మైనర్ ఉండేది. నాన్న మొదటిసారి దాన్ని చూసినప్పుడు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తమని అడిగి, ఇంజను మీద చెయ్యి వేసి అలాగే కాసేపు నిలబడ్డాడు. మన అంబాసిడర్ మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులోంచి వచ్చిందే. ఆ మాట చెబుతూ, మా దేశంలో దాన్ని ఇప్పటికీ కొత్తగా తయారు చేస్తున్నారని నాన్న అన్నాడు. తాతయ్య నమ్మలేదు. 1950ల నాటి కారుని ఈ రోజుల్లో ఎవరైనా కొత్తగా అమ్ముతారా అని. ఇండియా నుంచి పిన్ని ఉత్తరంతో పాటు పంపిన పెళ్లి ఫోటోలో తెల్ల అంబాసిడర్ కనపడేసరికి దాన్ని పట్టుకెళ్లి చూపించాం. కళ్లద్దాలు మార్చుకుని మరీ చూశారు. అంబాసిడర్ తయారీ 2014లో గానీ ఆగలేదు. అప్పటికి తాతయ్య లేరు.

న్యూజిలాండ్‌లో సొంత చేత్తో బాగుచేసుకోవడం ఒక పట్టింపు. పొలాల కంచెలకి వాడే నాలుగు మిల్లీమీటర్ల లావు ఎనిమిదో నంబరు తీగ ఉంటే దేన్నయినా నిలబెట్టొచ్చని చెప్పుకుంటారు. ఇన్వర్‌కార్గిల్ ఊళ్లో బర్ట్ మన్రో అనే ఆయన 1920 నాటి మోటారు సైకిలుని దశాబ్దాల పాటు షెడ్డులో చెక్కుకుంటూ, పిస్టన్లు కూడా తనే పోతపోసుకుని, 1967లో అమెరికాలో బోన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకి 180 మైళ్లు దాటించాడు. ఆ మోటారు సైకిలు కంపెనీ పేరు ఇండియన్. 2005లో దాని మీద సినిమా వచ్చినప్పుడు పోస్టరు మీద ఆ పేరు చూసి మనవాడెవరో అనుకుని వెళ్లినవాళ్లు మా వాళ్లలోనే ఉన్నారు. ఆటోనగర్ నుంచి వచ్చిన మనిషికి ఇలాంటి దేశంలో పరాయితనం తక్కువే ఉంటుంది, కనీసం బానెట్ ఎత్తి ఉన్నంత సేపు.

మా మొదటి కారు 1990ల మధ్యకాలపు కరోలా వ్యాగన్. బానెట్ ఎత్తితే అంతా ఎదురుగానే. నాలుగు ప్లగ్గులకి నాలుగు నల్ల తీగలు, అవి వెళ్లి కలిసే డిస్ట్రిబ్యూటర్ మూత, గాలి ఫిల్టరు డబ్బా, దాని ఉక్కు క్లిప్పులు, రేడియేటరు, బెల్టు. సందుల్లోంచి కింద సిమెంటు కనిపించేది. నా ఉద్యోగం టార్చి పట్టుకోవడం. ‘లైటు నా మొహం మీద కాదమ్మా, చేతి మీద.’ నా బాల్యంలో నేను ఎక్కువసార్లు విన్న వాక్యం బహుశా ఇదే. తమ్ముడిది పానాలు అందించే పని. జపాను కార్లలో బానెట్ కింద చాలావరకు మూడే కొలతలు. 10, 12, 14. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకి 10 తల, ఎనిమిదికి 12, పదికి 14. ఆ లెక్క తెలిశాక వాడు చూడగానే అడక్కుండా అందించేవాడు. అందులో పోయేది ఎప్పుడూ పది నంబరే. బోల్టు చిన్నది, పానా చిన్నది, చెయ్యి జారితే ఏ సందులోకో పోతుంది. పక్కింటికి పరిగెత్తితే లాభం లేదు. మారిస్ వాళ్లది అంగుళాల లెక్క. మూడు ఎనిమిదో వంతు అంగుళం పానా పదికి పట్టదు, ఏడు పదహారో వంతుది వదులుగా తిరుగుతుంది. అందుకని ఎక్కడ తగ్గింపు ధరకి కనిపించినా నాన్న పది నంబరు బాక్సు పానా ఒకటి కొనేవాడు. అమ్మ వేరే వాళ్లింటి పెళ్లికి వెండి కుంకుమభరిణ కొన్నప్పుడు కూడా అంత ఇష్టంగా బేరమాడి ఉండదు.

ఆరునెలలకోసారి వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ అనే తనిఖీ ఉండేది. 2014 తర్వాత 2000 దాటిన కార్లకి ఏడాదికోసారి చేశారు కానీ, మా చిన్నప్పుడు పాత కార్లన్నిటికీ ఆరునెలలే. టైర్లలో గాడి ఒకటిన్నర మిల్లీమీటర్లుందా, బ్రేకులు, లైట్లు, సీటు బెల్టులు, తుప్పు. తనిఖీ ముందు శనివారం మా ఇంట్లో పరీక్షల ముందు రోజులా ఉండేది. నాన్న అన్నీ తనే ఒకసారి చూసుకుని, ఏదైనా కనిపిస్తే సరిచేసి, అప్పుడు తీసుకెళ్లేవాడు. మెకానిక్కు గంటకి తీసుకునే డబ్బు నాన్న గోదాములో ఎన్ని గంటలకి సంపాదిస్తాడో ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ వ్యాగన్ తర్వాత కొన్నది 2001 మోడల్, 1.8 లీటర్ ఇంజను. కంపెనీ పేరు ఎందుకులెండి. తాళం తిప్పగానే అద్దం దగ్గర్నుంచి ఒక జపాను ఆవిడ ఎంతో మర్యాదగా ఏదో చెప్పేది. టోల్‌గేటు యంత్రంలో కార్డు పెట్టలేదని ఆవిడ మొర. అది మాకు చాలా ఏళ్లకి తెలిసింది, అప్పటిదాకా తమ్ముడు ఆవిడకి రోజూ నమస్కారం పెట్టేవాడు. ఇంటికి తెచ్చిన మర్నాడే నాన్న బానెట్ ఎత్తాడు. లోపల ఇంజను లేదు. అంటే ఉంది, కనపడలేదు. మధ్యలో పెద్ద నల్ల ప్లాస్టిక్ పలక, దాని మీద ఉబ్బెత్తు అక్షరాలు. ముందు రేడియేటరు మీద ఒక పలక. పక్కన గాలి గొట్టం మీద ఇంకొకటి. పలకలో రెండే చోట్ల కంత. ఒకటి ఆయిలు పోసే మూతకి, రెండోది గేజి కడ్డీకి. ఇక్కడ పోసుకో, ఇక్కడ చూసుకో, మిగతాది నీ పని కాదు అని తయారీదారు గీత గీసినట్టే. పక్కింటి తాతయ్య కంచె మీంచి తొంగి చూసి, ఇంజను తీసుకోవడం మర్చిపోయారా అని అడిగారు.

ఆ పలకకి ముందు పక్క రెండు నట్లు. పది నంబరే. వాటితో పేచీ లేదు. వెనక పక్క క్లిప్పులు. టార్చి పట్టుకున్న నాకు ఆ రోజు తెలిసిందేమంటే, ప్లాస్టిక్కుని విప్పడం ఇనుముని విప్పడం లాంటిది కాదు. ఇనుము బిగిస్తే ఎంత బలం పెట్టాలో చేతికి చెబుతుంది. ప్లాస్టిక్ ఏమీ చెప్పదు, టప్‌మని విరుగుతుంది. ఒక రకం క్లిప్పుకి నడుమ చిన్న మేకు ఉంటుంది. కొన్నింట్లో దాన్ని లోపలికి నొక్కితే చుట్టూ ఉన్న కాళ్లు ముడుచుకుని క్లిప్పు ఊడుతుంది. కొన్నింట్లో ఆ మేకునే స్క్రూడ్రైవరు మొనతో పైకి లేపాలి. మొదటి రకాన్ని లేపినా, రెండో రకాన్ని నొక్కినా పని చెడుతుంది. ఇంకో రకానికి మధ్యలో నాలుగు గీతల తల ఉంటుంది. పావు వంతు తిప్పాలి, పైకి లాగుతూ. వేరే రకం పలకలకి అసలు బోల్టే ఉండదు. ఇంజను మీద గుండ్రటి తలల కడ్డీలు, పలక అడుగున రబ్బరు గుంటలు, ఒకదాన్లో ఒకటి దిగి కూచుంటాయి. వాటిని ఒక మూల పట్టి పెళ్లగిస్తే పలక పగులుతుంది. రెండు చేతులూ కింద పెట్టి ఒక్కో కడ్డీ దగ్గరా నిలువుగా ఎత్తాలి. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు పట్టేసి ఉంటే కాస్త సబ్బునీళ్లు.

జులైలో ఆక్లండ్ పొద్దుటి చలికి ఆ క్లిప్పులు మరీ పెళుసు. నాన్న వేడినీళ్లలో పిండిన గుడ్డ కాసేపు వాటి మీద వేసి ఉంచేవాడు. ఆ వేడినీళ్ల గిన్నె అమ్మది, గుడ్డ అమ్మ పాత చీరది. ఇంకొకటి. జపాను స్క్రూల తలలో ఉండే అడ్డగీత నిలువుగీత మనం మామూలుగా వాడే ఫిలిప్స్ స్క్రూడ్రైవరుకి సరిగ్గా అమరవు. చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, గట్టిగా తిప్పితే స్క్రూడ్రైవరు జారి తల నలిగిపోతుంది. దానికి వేరే మొన ఉంది. జపాను మోటారు సైకిళ్లు బాగుచేసే స్నేహితుడొకాయన చెబితే తెలిసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ స్క్రూడ్రైవరు పిడికి ఎర్ర దారం కట్టి ఉండేది, తమ్ముడు పొరపడకుండా.

విప్పినవన్నీ ఎక్కడ పెట్టడం? ఆ దేశంలో రెండు లీటర్ల ఐస్‌క్రీం డబ్బా లేని ఇల్లు ఉండదు. తిన్నాక దాన్లో మేకులు పెడతారు, గుండీలు పెడతారు, పిల్లలు పీతల్ని పెడతారు. క్లిప్పులకి అది సరిపోయింది. బోల్టులకి మాత్రం వరస కావాలి, ఎందుకంటే అన్నీ ఒకే పొడవుండవు, పొడుగుది పొట్టిదాని కన్నంలో బిగిస్తే అల్యూమినియం మరలు పోతాయి. నాన్న కన్ను ఇడ్లీ పళ్లెం మీద పడింది. సొట్టపడ్డదే, అమ్మ ఎలాగూ వాడనిదే. ఒక్కో గుంటలో ఒక్కో బోల్టు, విప్పిన వరసలో. అమ్మ కిటికీలోంచి చూసి ఏమీ అనలేదు. ఆ తర్వాత అది వంటింట్లోకి రాలేదు, అంతే.

ఒక చలికాలం బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వణకడం మొదలెట్టింది. ఒక గరాజుకి తీసుకెళితే వాళ్లు చెప్పిన మొత్తం విని నాన్న ఇంటికి తిరిగొచ్చేశాడు. ఆ ఆదివారం పలక తీశాం. ఈ ఇంజనుకి డిస్ట్రిబ్యూటర్ లేదు, పొడుగాటి తీగలూ లేవు. ఒక్కో ప్లగ్గు నెత్తి మీదే ఒక్కో కాయిలు, దాన్ని పట్టి ఉంచేది ఒక్క పది నంబరు బోల్టు. కాయిలు పైకి లాగితే దాని కొస నల్లగా తడిసి వచ్చింది. ప్లగ్గు గుంటలో ఆయిలు. పైన రాకర్ కవర్ అంచునా, ప్లగ్గు గుంటల చుట్టూరా ఉండే రబ్బరు గ్యాస్కెట్లు గట్టిపడి వదిలేశాయి. బయటికి ఒక్క చుక్క కారలేదు, పలక మీద మరక లేదు. పైనుంచి చూస్తే షోరూంలోంచి వచ్చినట్టే ఉంది. నాన్న ముందు గుంటలోని ఆయిలంతా గుడ్డతో తీశాడు, ప్లగ్గు విప్పితే అది సిలిండరులోకి జారకుండా. రెండో రోజు సాయంత్రానికి కొత్త గ్యాస్కెట్లు, కొత్త ప్లగ్గులు. ప్లగ్గుల్ని మొదట చేత్తోనే తిప్పాడు, మర పట్టిందని వేళ్లకి తెలిశాకే పానా. గరాజు చెప్పినదాంట్లో ఎన్నో వంతు ఖర్చయిందో రాత్రి భోజనాల దగ్గర రెండుసార్లు చెప్పాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు పలక బిగించకుండానే తిరిగాం. మళ్లీ ఎలాగూ విప్పాలి కదా అని. కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో చాలామంది ఈ పలకలు ఒట్టి అలంకారమంటారు, తీసి గరాజు గోడకి తగిలిస్తారు. నాన్న మొదట ఆ పక్షమే. అమ్మే మార్చింది. ‘ఏమండీ, ఆగినప్పుడు ముందునుంచి టికటికమంటోందేంటి?’ అంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల చప్పుడది, మొదట్నుంచీ ఉన్నదే. పలక తిరగేసి చూస్తే అడుగున దళసరి స్పాంజి అంటించి ఉంది. చప్పుడు తాగడానికి. దుమ్మూ నీళ్లూ కాయిళ్ల మీద పడకుండా కొంత, తీగల గజిబిజి కనపడకుండా కొంత, కంపెనీ పేరు రాసుకోవడానికి కొంత. 1990ల్లో ఖరీదైన కార్లతో మొదలై తర్వాత అన్నిటికీ పాకింది ఇది. నా మట్టుకు నేను పలకల పక్షమూ కాదు, గోడకి తగిలించేవాళ్ల పక్షమూ కాదు. విప్పడం వచ్చినవాళ్లకి అది పది నిమిషాల పని. రానివాళ్లకి అది గోడ. ఇప్పుడు నేను నడిపే హైబ్రిడ్‌లో పలక కింద నారింజ రంగు తీగలున్నాయి, ప్రాణాలు తీసేంత కరెంటు పారేవి. వాటి జోలికి వెళ్లకూడదు. ఆ గీత మాత్రం తయారీదారు గీసింది న్యాయమే.

డిసెంబరులో మాకు వేసవి. వీధి చివర పొహుతుకావా చెట్లు ఎర్రగా విరగబూసేవి. క్రిస్మస్‌కి ఫోటోలు తీసుకునే ఆ పువ్వు నిజానికి రేకుల పువ్వు కాదు, అంతా సన్నటి ఎర్ర కేసరాలే. అవి రాలి అద్దం కింద వైపర్ల దగ్గరున్న జాలీలోంచి లోపలికి దిగేవి. అక్కడ ఇంకో ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాని కింద వాన నీళ్లు పోయే తూములు. అవి పూడుకుపోతే నీళ్లు కారు లోపల ముందు సీటు వాళ్ల కాళ్ల దగ్గర తేలతాయి. అందుకని జనవరిలో ఒకరోజు వైపర్ల మొదట ఉన్న టోపీలు తీసి, 14 నంబరు నట్లు విప్పి, వైపరు కడ్డీల్ని అటూ ఇటూ కదిలించి ఊడదీసి, క్లిప్పులు ఒక్కొక్కటీ తీసి ఆ పొడుగాటి పలకని ఎత్తేవాళ్లం. దానికి ఇద్దరు కావాలి, చెరో కొసా పట్టుకోవడానికి. టార్చి పని నుంచి నాకు బదిలీ దొరికింది ఆ పలక దగ్గరే. కింద గుప్పిళ్లకొద్దీ ఎర్ర కేసరాలు, సగం కుళ్లి నల్లబడి, సగం ఇంకా ఎర్రగా. ఒకసారి పిచ్చుక గూడు పెట్టబోయి వదిలేసిన గడ్డి. ఒకసారి జపాను చెట్టు ఆకు ఒకటి, ఎండి సన్నగా, ఏ ఊరిదో.

కారు అడుగున కూడా పలక ఉంటుంది, బురద చిమ్మకుండా, గాలి సాఫీగా పోయేలా. ఆయిలు మార్చాలంటే అదీ విప్పాలి. దాని క్లిప్పుల్లో ఇసుక చేరి మేకులు కదలవు. నాన్న వెల్లకిల పడుకుని తిట్టే తిట్లు అచ్చమైన బెజవాడవి, ఆ వీధిలో అర్థమయ్యేది మాకొక్కళ్లకే. తీసిన పాత ఆయిలు విషయంలో మాత్రం మహా జాగ్రత్త. మౌంట్ ఆల్బర్ట్, మౌంట్ ఈడెన్ చుట్టుపక్కల నేలంతా పాత అగ్నిపర్వతాల లావా రాయి. చాలా చోట్ల వాన నీళ్లు కాలవల్లో కాకుండా ఆ రాతి పగుళ్లలోకే ఇంకిపోతాయి, దానికోసం గుంటలు తవ్వి ఉంటాయి. మా పెరట్లో ఒకటి. దాన్లోకి ఆయిలు పోతే భూమిలోకి పోయినట్టే అని తాతయ్య మొదటి నెల్లోనే చెప్పారు. డబ్బాలో నింపి, చెత్త దింపే కేంద్రంలో పాత ఆయిలు తీసుకునే చోట పోసి రావడం నాన్నకి ఒక వ్రతమైపోయింది.

విరిగిన క్లిప్పులకి బదులు కొత్తవి కొంటే ఒక్కొక్కటీ డాలర్లలో. మాంగెరె వైపు పాత కార్ల యార్డులుండేవి. గేటు దగ్గర కాస్త డబ్బు కట్టి, సొంత పానాలు పట్టుకుని లోపలికెళ్లి, కావలసింది మనమే విప్పుకోవాలి. వెల్డింగు చేసిన చక్రాల రిమ్ముల మీద వరసగా నిలబెట్టిన కార్లు, మధ్యలో బురద. పిల్లల్ని రానివ్వరు. మేం అమ్మతో బయట కార్లో కూచుని పులిహోర తింటూ కంచె సందుల్లోంచి చూసేవాళ్లం. నాన్న బయటికొచ్చేటప్పుడు ఒక చేతిలో కొన్న వస్తువు ఏదో ఉండేది, దానితో పాటు వెల కట్టించుకున్న గుప్పెడు క్లిప్పులు. నిస్సాన్‌వి, సుబరువి, మాజ్దావి. కన్నం ఆరు మిల్లీమీటర్లా, ఏడా, ఎనిమిదా, తల ఎంత వెడల్పు, అదొక్కటే లెక్క. పలక కింద రాజ్యాలన్నీ కలిసిపోయేవి.

పుస్తకాల సాయం తక్కువ. లైబ్రరీలో హేన్స్ వాళ్ల మరమ్మతు పుస్తకాలుండేవి, నూనె మరకలతో, ఎవరెవరో పెన్సిలుతో రాసిన గుర్తులతో. కానీ అవి బ్రిటన్‌లో అమ్మిన మోడళ్లవి. జపానులో మాత్రమే అమ్మిన మా బండి వాటిలో లేదు. దగ్గరి చుట్టం లాంటి మోడలు చూసి, బొమ్మలో ఎడమ పక్కనున్నది మాకు కుడి పక్కన ఉంటుందేమోనని ఊహించుకుంటూ చదివేవాళ్లం. ఇంగ్లీషులో సాంకేతిక పేరాలు గట్టిగా చదవడం నేను నేర్చుకున్నది అలాగే, బానెట్ పక్కన స్టూలు మీద కూచుని. బడిలో టీచరు నా ఉచ్చారణ మెరుగైందని రిపోర్టులో రాశారు.

నేను యూనివర్సిటీలో చేరిన ఏడు ఆ రెండో కారు అమ్మకానికి పెట్టాం. అమ్మే ముందు శనివారం నాన్న పలకలన్నీ కడిగి, ఐస్‌క్రీం డబ్బా ముందు పెట్టుకుని, ఖాళీగా ఉన్న ప్రతి కన్నానికీ ఒక క్లిప్పు వెతికి బిగించాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ బండికి అన్ని క్లిప్పులూ ఉన్నాయి, సగం పరాయి కంపెనీలవైనా. కొనడానికొచ్చిన కుర్రాడు బానెట్ ఎత్తాడు. నల్లగా మెరుస్తున్న పలకని చూశాడు. చాలా శుభ్రంగా ఉంచారు అని మెచ్చుకుని బానెట్ దించబోయాడు.

‘ఒక్క నిమిషం,’ అన్నాడు నాన్న. జేబులోంచి పది నంబరు బాక్సు తీసి రెండు నట్లు విప్పి, పలక ఎత్తి పక్కన పెట్టి, కాయిళ్లు, గ్యాస్కెట్టు, ప్లగ్గులు ఎప్పుడు మార్చాడో, ఏది ఎక్కడ కొన్నాడో చెప్పడం మొదలెట్టాడు. కుర్రాడు తల ఊపుతూ విన్నాడు. మధ్యలో ఫోను చూసుకున్నాడు. అంతా అయ్యాక, వెనక టైరు ఒకటి కాస్త అరిగింది కదా అని వంద డాలర్లు తగ్గించమన్నాడు.